బోదెలో దాచిన నావ

యానాం రేవులో నావలన్నీ ఒక పొడుగు, దీనమ్మ నావ ఒక పొడుగు. మిగతావాటి పక్కన ఆపితే, పెళ్ళి ఫొటోలో పెద్దవాళ్ళ ముందు నిలబెట్టిన పిల్లలా ఉంటుంది. ఒక చెక్క నల్లగా, ఒకటి ఎర్రగా ఉంటాయి. ఇంకోదాని మీద పాత కిటికీ గడియ బిగించిన గుర్తు ఇప్పటికీ కనిపిస్తుంది. కొత్తవాళ్ళు చూసి నవ్వుతారు. రేవులో అట్లు పోసుకుని బతికేదాన్ని కాబట్టి ఆ నవ్వులన్నీ నా చెవిన పడ్డాయి. దీనమ్మ చెవినా పడ్డాయి.

"నవ్వుకోండర్రా! ఎవడి నావెక్కి నవ్వుతున్నారో అది కూడా చూసుకుని మరీ నవ్వుకోండి," అంటుంది గంప నెత్తిన పెట్టుకుంటూ.

అప్పుడు నవ్వు ఆగిపోతుంది. ఎందుకంటే వాళ్ళలో సొంత నావ ఉన్నవాడు ఒక్కడూ ఉండడు.

దీనమ్మది దరియాలతిప్ప. మనిషి పొట్టి, మాట పొడుగు. తెల్లారేసరికి రేవులో వేలానికి చేప పాడుకుని, గంపకెత్తుకుని అగ్రహారం, అడవిపొలం ఇళ్ళంటా తిరిగి అమ్ముకొచ్చేది. మధ్యలో నా పొయ్యి దగ్గర కూర్చుని రెండు అట్లు తినడం అలవాటు. నన్ను 'కనకం' అనేది, నేను అక్కా అనేదాన్ని. ఆమె భర్త యాకోబు నాకు బావ వరస అయిపోయాడు. బావకి మాట తక్కువ, వేట ఎక్కువ. కానీ ఆ వేట జేవియర్ గారి నావ మీద.

జేవియర్ గారు ఫ్రెంచివాళ్ళ సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి. ఆయనకి ఫ్రాన్సు పింఛను వచ్చేది. అక్కడ ధరలు పెరిగితే పింఛను కూడా పెంచుతారట, వాళ్ళ రూలు అలాంటిదట. ఆ పింఛనుతో రెండు నావలు కట్టించి, మెడకి తువ్వాలు చుట్టుకుని రేవులో స్టూలు వేసుకుని కూర్చునేవాడు. నావ మీద నలుగురు మనుషులు వెళ్తే, వచ్చిన చేపని ముందు రెండు కుప్పలు పోస్తారు. ఒక కుప్ప నావకీ వలకీ, అంటే జేవియర్ గారికి. రెండో కుప్పని నలుగురూ పంచుకోవాలి. తడిసేది వీళ్ళు, సగం ఆయనది. అది రేవు ఆచారం. ఎవరూ కాదనలేదు.

దీనమ్మ కూడా కాదనలేదు. "ఆచారం మంచిదే కనకం. ఆ నావ కుప్ప వంక నిలబడితే ఇంకా మంచిది," అంది ఓరోజు.

అదీ ఆమె కోరిక. మేడలు కాదు, నగలు కాదు. ఒక నావ.

ఎనభయ్యో సంవత్సరంలో ఆమె మొదటిసారి బ్యాంకు గుమ్మం ఎక్కింది. కౌంటర్లో కూర్చునే ఉమామహేశ్వరం గారు మంచి మనిషి, అమలాపురం వైపాయన. రేవుకి వచ్చి మరీ ఆడవాళ్ళని కూర్చోబెట్టి చెప్పేవారు.

"కుండలో దాచిన డబ్బు అలాగే పడుంటుందమ్మా. బ్యాంకులో వేస్తే ఏడాదికి నూటికి అయిదు పిల్లలు పెడుతుంది."

"పిల్లలు పెట్టేది చేపండి. డబ్బు కూడా పెడతాదా?"

"పెడుతుందమ్మా, మీరు కదపకుండా ఉంటే."

దీనమ్మ కదపలేదు. వారం వారం గంప మీద మిగిలిందంతా తీసుకెళ్ళి వేసేది. పండక్కి కొత్త చీర మానేసింది. బావ చుట్టలు తగ్గించాడు, అంటే ఈమె తగ్గించింది. పాసుబుక్కు బైబిలు అట్టలో పెట్టుకుని ఆదివారం చర్చికి వెళ్ళినప్పుడు కూడా ఒకసారి తడిమి చూసుకునేది. "దేవుడు క్షమిస్తాడులే, ఆయనకి తెలీదా ఇది నావ కోసమని," అనేది.

ఆ మొదటి ఏడే ఈస్టరు పండగ అయిన వారంలో తాళ్ళరేవు వెళ్ళి, అక్కడ కాలవ గట్టున నావలు కట్టే సత్తిబాబు మేస్త్రిని ధర అడిగింది. నేనూ వెళ్ళాను తోడుగా. తెడ్లతో సహా అయిదువేలు అన్నాడు మేస్త్రి. దీనమ్మ వేళ్ళ మీద లెక్కేసి, "ఆరేళ్ళు. ఆరేళ్ళకి మన నావ ఎక్కి గోదారి దాటేద్దాం," అంది. ఆ రోజు ఆనందం పట్టలేక నాకు సోడా కొట్టించింది.

ఎనభై నాలుగులో మళ్ళీ వెళ్ళాం. బ్యాంకులో మూడువేల నాలుగొందలు ఉన్నాయి అప్పటికి. ఇంక కాస్తే అనుకుంటూ హుషారుగా నడిచింది దారంతా.

"ఎనిమిదిన్నర అవుద్దమ్మా ఇప్పుడు," అన్నాడు సత్తిబాబు మేస్త్రి చెక్క చిత్రిక పడుతూ.

"ఏంటి, వందలా?"

"వందలకి తెడ్డు కూడా రాదు. ఎనిమిది వేల అయిదొందలు."

దీనమ్మ ఆ గట్టు మీదే కూలబడింది. కాసేపటికి నా వంక చూసి, "కనకం, మొదలెట్టినప్పుడు నావ ఎంత దూరంలో ఉంది? అయిదువేల దూరంలో. ఇప్పుడెంత దూరంలో ఉంది?" అంది.

నేను లెక్క కట్టి చెప్పేలోపు తనే అంది. "అయిదువేల నూరు. నాలుగేళ్ళు తెడ్డేశానే. ఒడ్డు వంద రూపాయలు అవతలికి పోయింది."

మేస్త్రికి జాలేసినట్టుంది. చిత్రిక పక్కన పెట్టాడు. "నా కూలి ఏం పెరిగిందమ్మా, నీలాగే నేనూ. కలప పెరిగింది, మేకులు పెరిగాయి, లారీ కిరాయి పెరిగింది. నావలో సొమ్మంతా కలపదే."

"అయితే ఇవాళ కలప కొనేస్తే, రేపు పెరిగినా నాకు నెప్పి లేదన్నమాట."

"నెప్పి లేదు గానీ పచ్చి చెక్క ఎండలో పడేస్తే పగిలిపోద్ది. మా నాన్న రోజుల్లో అయితే మీలాంటోళ్ళు ఏడాదికి నాలుగు చెక్కలు కొని నీళ్ళలో పాతేసుకునేవోరు. నానిన కలప గట్టిపడుద్ది. అన్నీ జమయ్యాక తీసి ఆరబెట్టి కట్టించుకునేవోరు. ఇప్పుడెవరు చేత్తన్నారమ్మా ఆ పన్లు? అందరూ బ్యాంకులే."

దీనమ్మ లేచి చీర దులుపుకుంది. తిరుగు దారంతా వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుంటూ నడిచింది.

మర్నాడు నన్ను కూడా లాక్కెళ్ళింది బ్యాంకుకి. మా వెనకాల ఇంకో నలుగురు ఉన్నారు లైన్లో.

"నా డబ్బు పెరిగిందా బాబూ?" అంది ఉమామహేశ్వరం గారిని.

"పెరిగిందమ్మా. ఇదిగో, వడ్డీయే మూడొందల చిల్లర."

"నావేమో మూడువేల అయిదొందలు పెరిగింది. ఇదేం పెరగడవండీ?"

"అది ధరల పెరుగుదలమ్మా. మా చేతిలో లేదు."

"ధరలు మీ చేతిలో లేవు సరే. నా డబ్బు మీ చేతిలోనే ఉందిగా?"

లైన్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఉమామహేశ్వరం గారికి కోపం రాలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, నెమ్మదిగా, "నేనూ అందులోనే దాస్తున్నానమ్మా. అమలాపురంలో అయిదు సెంట్లు కొందామని మొదలుపెట్టాను. ఇప్పుడు రెండు సెంట్లకి దిగాను," అన్నారు.

"ఇంకో నాలుగేళ్ళు ఆగితే తులసికోటకి సరిపోతాది లెండి."

ఆయనే ముందు నవ్వారు. తర్వాత, ఫిక్సెడ్‌లో వేస్తే నూటికి పది దాకా వస్తుందనీ, అయిదేళ్ళు తియ్యకూడదనీ చెప్పారు. అయిదేళ్ళ తర్వాత మేస్త్రి ఎంత చెప్తాడో అది కూడా రాసిస్తారా అని అడిగింది దీనమ్మ. అది ఎవరూ రాయలేరన్నారు ఆయన. కర్ర కొంటుందని విని, "కర్రకి పురుగు పడుతుంది, దొంగ పడతాడు, వరద వస్తుంది. ఇక్కడ అవేమీ లేవమ్మా, ఆలోచించుకోండి," అని కూడా చెప్పారు. చెప్పాల్సింది చెప్పారు, ఆయన తప్పు లేదు.

"ఆలోచించే వచ్చాను. తీసేయండి."

"మొత్తం తీస్తే ఖాతా మూసేయాలి. ఓ పది రూపాయలు ఉంచండి."

"మర్యాదకి ఉంచుతాను," అంది దీనమ్మ.

ఆ సంగతి రేవంతా పాకింది. బావ తల పట్టుకున్నాడు. జేవియర్ గారైతే స్టూలు మీద ఊగి ఊగి నవ్వాడు. "ఏమ్మా మదాం, బ్యాంకు నీ చేతుల్లో దివాలా తీసిందంట కదా!" అన్నాడు.

"మీ పింఛను మీద నిలబడి ఉంది కదండీ, దాని ప్రాణానికేం ఢోకా లేదు," అంది దీనమ్మ.

మొదటి విడత చెక్కలు కాకినాడ డిపో నించి వచ్చాయి. మద్ది, టేకు కలిపి. శ్రావణమాసం. గోదారి ఎర్రగా, నిండుగా పోతోంది. దరియాలతిప్ప పక్కన, ఏటి ఒడ్డునే, మోకాలిలోతు బురదలో చెక్కలు పరిచి, రాళ్ళు ఎత్తి, గుంజలు పాతి కట్టారు మొగుడూ పెళ్ళాలు. ఇంటి ముందే ఉంటాయి, దొంగ భయం ఉండదని.

ఇక్కడ జరిగింది పొరపాటు. అది మా ఊళ్ళోవాళ్ళు చేసే పొరపాటే. వరదరోజుల్లో గోదారి సముద్రం దాకా తియ్యగా ఉంటుంది, చేత్తో ముంచుకుని తాగొచ్చు. కానీ పైన ఆనకట్ట తలుపులు దించేశాక, వేసవిలో, సముద్రం వెనక్కి ఎక్కుతుంది. ఉప్పు యానాం దాటి పైకి పోతుంది. ఉప్పుతో పాటు చెక్కని లోపల్నించి తొలిచేసే ఓడపురుగు వస్తుంది. చెక్కలు మాఘమాసంలోపు తీసెయ్యాలి. బావకి తెలుసు, దీనమ్మకి తెలుసు. కానీ ఆ ఏడు వేట బాగా పడింది. "వచ్చే వారం తీద్దాం," అన్నాడు బావ. వచ్చే వారం మళ్ళీ వచ్చే వారం అయింది. చేప పడుతుంటే ఎవడు ఒడ్డున ఉంటాడు?

వైశాఖంలో తీశారు. పైకి చూస్తే చెక్కలు నున్నగా, నల్లగా, ముద్దొచ్చేలా ఉన్నాయి. సత్తిబాబు మేస్త్రి వచ్చి బాడిసెతో ఒక్కటి వేశాడు. చెక్క రొట్టెముక్కలా విరిగింది. లోపలంతా వేలు పట్టేంత సొరంగాలు, జల్లెడే. ఒకదాని తర్వాత ఒకటి విరిచాడు. వంటచెరుక్కి కూడా పనికిరావన్నాడు.

దీనమ్మ నా అట్ల బండి వెనక్కి వచ్చి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రెండు అట్లు వేసి పెట్టాను. తింది. నీళ్ళు తాగింది. మొహం కడుక్కుని రేవులోకి వెళ్ళింది. అప్పుడే జేవియర్ గారు అందుకున్నాడు.

"ఏమ్మా దీనా! బ్యాంకువాళ్ళు నూటికి అయిదిచ్చారు. పురుగులు నూటికి ఎంతిచ్చాయి?"

రేవు రేవంతా గొల్లుమంది. దీనమ్మ గంప దించింది.

"ఈ పురుగు మంచిదండి. చెక్క విరిస్తే కనపడింది. ఆ బ్యాంకు పురుగు నాలుగేళ్ళు తిని కూడా కనపడలేదు. కనపడే పురుగుని నేను పట్టుకోగలను. చూత్తా ఉండండి."

డబ్బంతా ఒకేసారి పెట్టి కొనలేదు కాబట్టి ఇంకా మిగిలింది. ఈసారి ఉప్పు ఎక్కని చోటు వెతికింది. అగ్రహారంలో ఒక కొబ్బరితోట. వరసకీ వరసకీ మధ్య బోదెలు తవ్వి ఉంటాయి, వాటిలో ఏడాది పొడుగునా కాలవనీళ్ళు. తోట గల ఆవిడ దీనమ్మ దగ్గర చేప కొనేదే.

"మా బోదెలో నీ దుంగలెందుకే?" అందావిడ.

"నావండి. ముక్కలుగా ఉంది అంతే. వారానికో చేప అద్దె ఇత్తాను."

"కొరమీనా?"

"అంత ఆశ పడకండి. ఏది పడితే అది."

అలా కుదిరింది బేరం. డిపోలో టేకు అప్పటికే ముట్టుకోలేని ధర అయింది. అదే టైములో యానాంలో ఫ్రెంచివాళ్ళ నాటి పాత ఇల్లు ఒకటి పడగొట్టారు. దాని దూలాలు, కిటికీ రెక్కలు, గుమ్మాలు అమ్మకానికి పెట్టారు. అందరూ ఇటికలకి ఎగబడితే ఈమె దూలాలూ కిటికీ రెక్కలూ పట్టుకుంది. పాత టేకు, ఇనుములా ఉంది. సత్తిబాబు మేస్త్రి గోటితో గీరి చూసి, "ఇది మా తాతకంటే ముసలిది, మనందరి కంటే గట్టిది," అన్నాడు. దూలాలు కోత మిల్లులో పలకలు కోయించింది. నావకి పక్కటెముకల్లా ఉండే వంపు కర్రలకి తుమ్మ కొమ్మలు తెచ్చింది. ఎప్పుడు నాలుగు రూపాయలు మిగిలితే అప్పుడు ఓ చెక్కో, ఓ వీశెడు మేకులో. మేకులు కిరసనాయిల్లో వేసి దాచింది. అన్నం తిని చెయ్యి కడుక్కోవడం ఎంత అలవాటో, సాయంత్రం బోదె దాకా వెళ్ళి కాలితో నీళ్ళలో చెక్కలు తడిమి రావడం అంత అలవాటైపోయింది. ఏడాది తిరిగేసరికి ఇంకో పది చెక్కలు వస్తే నావ పూర్తి.

అప్పుడు వచ్చింది ఎనభై ఆరు వరద.

ఆగస్టు నెల. ఆ నీళ్ళు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళకి చెప్పినా తెలియదు. నా బండి, పొయ్యి, పెనం అన్నీ పోయాయి. నేను బడి మేడ మీద తలదాచుకున్నాను. బావ జేవియర్ గారి నావేసుకుని మనుషుల్ని ఒడ్డుకి చేర్చే పనిలో ఉన్నాడు. పట్టపగలు, పొట్ట దాకా తడిసి దీనమ్మ మెట్లెక్కి వచ్చింది.

"ఇక్కడ తాళ్ళు ఎన్నున్నాయే? అన్నీ ఇవ్వు."

"ఎక్కడికక్కా?"

"నావ పోతంది."

పిచ్చిదాన్ని ఒంటరిగా వదల్లేక నేనూ దిగాను. తోటలో నీళ్ళు గుండెలోతు. బోదె ఎక్కడో గట్టు ఎక్కడో తెలియదు, కొబ్బరిచెట్లే గుర్తు. కింద రాళ్ళు జారిపోయి చెక్కలు ఒక్కొక్కటే పైకి లేస్తున్నాయి. దీనమ్మ తాడు పళ్ళతో పట్టుకుని మునిగి చెక్కకి ముడేస్తే, నేను చెట్టు మొదట్లో చుట్టి కట్టాను. చేతులు కోసుకుపోయాయి. పాము ఒకటి మా మధ్యలోంచి తన దారిన తను పోయింది. దానికీ కంగారే.

పొడుగు పలకలు గట్టు దాటి ఏటి వైపు తిరిగాయి. దీనమ్మ వాటి వెనక ఈదబోతే జుట్టు పట్టుకుని ఆపాను. కొబ్బరిచెట్టుని వాటేసుకుని గోదారి మీద అరిచింది.

"ధరకిచ్చాను! పురుక్కిచ్చాను! నీకు మాత్రం ఇవ్వనే! ఏంటనుకున్నావ్!"

గోదారి ఏమీ అనుకోలేదు. పొడుగు పలకలు పట్టుకుపోయింది. మిగతావి చెట్లకి కట్టిన దూడల్లా తన్నుకుంటూ ఉండిపోయాయి.

నీళ్ళు తీశాక యానాం నిండా బురద. నావలు పోయినవాళ్ళు, వలలు పోయినవాళ్ళు. జేవియర్ గారి పెద్ద నావ తాడు తెగి కొట్టుకుపోయింది. చెక్క కోసం కాకినాడ వెళ్ళినవాళ్ళు వట్టి చేతుల్తో తిరిగొచ్చారు, ఉన్న కొంచెం కలపకీ ఇష్టం వచ్చిన ధర చెబుతున్నారు. అప్పుడు జేవియర్ గారు దీనమ్మ ఇంటికి వచ్చాడు. జన్మలో మొదటిసారి 'గారు' అన్నాడు.

"దీనమ్మగారూ, ఆ చెక్కలు నాకిచ్చేయండి. మీరు పెట్టినదానికి మూడింతలిత్తాను. ఇప్పుడే, నోట్లు."

నేను అక్కడే ఉన్నాను, ఇంట్లో బురద ఎత్తడానికి సాయం వెళ్ళి. బావ కళ్ళు మెరిశాయి. ఎన్నడూ మాట్లాడనివాడు మాట్లాడాడు.

"ఇచ్చేద్దామే. మూడింతలు ఎవడిత్తాడు? పైకప్పు కూడా లేదు మనకి."

"ఇచ్చేద్దాం. ఆ నోట్లు తెచ్చి ఎక్కడ పెడదాం?" అంది దీనమ్మ.

"ఎక్కడో చోట. బ్యాంకులో పెట్టు."

"పెట్టాక?"

"పెట్టాక నావ..."

"ఆ మూడింతలకి ఇవాళ ఎన్ని చెక్కలొత్తాయో కాకినాడ పోయి అడిగి రా. ఇయ్యే రావు. వచ్చే ఏడు వీటిల్లో సగం కూడా రావు. డబ్బు మూడింతలయిందయ్యా, నావ కాలేదు. నేను దాచింది డబ్బు కాదు."

బావ తల దించుకున్నాడు. జేవియర్ గారికి మొహం ఎర్రబడింది.

"అలాగా. అయితే నీ మొగుడు రేపణ్ణించి నా చిన్న నావ ఎక్కక్కర్లేదు. నీ చెక్కలేసుకుని ఈదమను."

కప్పు లేదు, ఇప్పుడు వేట కూడా లేదు. దీనమ్మ గుమ్మం దాకా వెళ్ళి ఆయనకి చెప్పులు సర్దిపెట్టింది.

"ఈదుతాడండి. మీరు జారకుండా ఎల్లండి, బురదుంది."

ఆ ఏడు వాళ్ళు పడ్డ కష్టం నేను చూశాను. తాటాకు కింద చలికాలం గడిపారు. బావ ఊళ్ళో ఇళ్ళలో బురద ఎత్తాడు, మట్టి మోశాడు. సముద్రం మీద బతికినవాడు తట్ట నెత్తిన పెట్టుకుంటే నాకే కళ్ళనీళ్ళు వచ్చాయి. దీనమ్మ అందరి దగ్గరా చేప పాడుకునేది గానీ జేవియర్ నావ చేప ముట్టుకునేది కాదు. పొట్ట మాడినా ముట్టుకోలేదు. చాలాసార్లు మాడింది. "ఆ చెక్కలు ఇచ్చేస్తే పోయేదానికి," అని బావ నిద్రలో కూడా గొణిగేవాడని తనే చెప్పి నవ్వేది.

నీళ్ళు ఆరాక సత్తిబాబు మేస్త్రి వచ్చి, మిగిలిన చెక్కలు వరసగా పేర్చి, అటు నడిచి, ఇటు నడిచి పెదవి విరిచాడు.

"పొడుగు పలకలు పోయాయమ్మా. వీటికి నావ రాదు."

"ఏదొత్తాదో అది కట్టు."

"పొట్టిగా ఉంటాది."

"నేనూ పొట్టిదాన్నే. నన్నెవరైనా దాటి ఎల్లారా?"

మేస్త్రి ఇల్లు కూడా వరదలో కూలింది. బావ వెళ్ళి గోడలు పెట్టడానికి మట్టి తొక్కాడు, ఈయన వచ్చి నావ కట్టాడు. మిగతా కూలి నావ దిగాక చేపల్లో ఇచ్చేట్టు మాట. చెక్కల మధ్య సందుల్లో దూది కుక్కి, గుగ్గిలం నూనెలో కరిగించి పూస్తుంటే ఆ వాసన వీధంతా నిండింది. వచ్చేపోయేవాళ్ళందరూ ఆగి, ముక్కు ఎగబీల్చి, ఏదో ఒక మాట అని వెళ్ళేవాళ్ళు. అతుకుల బొంత అని ఒకడు, కిటికీ నావ అని ఒకడు.

ఎనభై ఏడు ఈస్టరు వెళ్ళిన సోమవారం నావ దింపారు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. సత్తిబాబు మేస్త్రి కొబ్బరికాయ కొట్టకుండా దింపనన్నాడు.

"నావకి ప్రార్థన అయింది. నీ బాడిసెకి కొట్టుకో," అంది దీనమ్మ. అలాగే కొట్టుకున్నాడు. చిప్ప సగం పాస్టరుగారే తిన్నారు.

నీళ్ళలోకి దిగగానే పాత గడియ బొక్క దగ్గర సన్నగా కారింది. అందరూ 'ఆఁ' అన్నారు. మేస్త్రి దూది ఉండ చేసి కొట్టాడు. ఆగింది. నావ రెండుసార్లు తల ఊపి, కుదురుగా నిలబడింది. పాత వల ఒకటి బాగుచేసుకుని బావా, ఇంకో ఇద్దరూ ఎక్కారు. నలుగురికి చోటు లేదు.

మర్నాడు పొద్దెక్కాక వచ్చారు. పెద్ద వేటేం కాదు. బొచ్చెలు, జెల్లలు, కాసిని రొయ్యలు. బావ అలవాటు ప్రకారం ఒడ్డున రెండు కుప్పలు పోశాడు. ఒక కుప్ప పక్కకి జరిపి, చేతులు కడుక్కుని, నిలబడ్డాడు. జేవియర్ గారి మనిషి గంపతో వస్తాడని దారి వంక చూస్తూ నిలబడ్డాడు. ఇన్నేళ్ళ అలవాటు.

ఎవరూ రాలేదు. రేవులో అందరూ చూస్తున్నారు. స్టూలు మీద జేవియర్ గారూ చూస్తున్నాడు.

"ఎవరికోసమయ్యా?" అంది దీనమ్మ. తన గంప తెచ్చి ఆ కుప్ప పక్కన దించి, కూర్చుని, ఒక్కొక్క చేపే తీసి పేర్చుకుంది. తొందరేం పడలేదు. అంత నెమ్మదిగా ఆమె గంప నింపడం నేనెప్పుడూ చూడలేదు.

అదే వారంలో ఉమామహేశ్వరం గారు సంచి పట్టుకుని రేవుకి వచ్చారు. ఆయన చేప తినరు, పక్కింటివాళ్ళకట. దీనమ్మని చూసి నమస్కారం పెట్టారు.

"నావ చూశానమ్మా. సంతోషం. మీ పది రూపాయలు ఇంకా మా దగ్గరే ఉన్నాయి. ఇప్పుడు ఆదాయం కూడా వస్తోంది కదా, మళ్ళీ మొదలుపెట్టండి."

"జబ్బుకీ జ్వరానికీ కాస్త వేత్తాను బాబూ, అంతవరకు మీరే నయం. ఆ పది మాత్రం కదపకండి. వడ్డీ రానియ్యండి. ఎన్నేళ్ళకి ఓ తెడ్డు కొనేంత అవుద్దో చూద్దాం."

"అప్పటికి తెడ్డు ధర కూడా..." అని ఆయనే ఆగి, నవ్వేశారు. "నా రెండు సెంట్లు కొనేశానమ్మా మొన్న. పునాదికి ఇటికలు కూడా దింపించాను. మీ సంగతి విన్నాకే."

"ఇటికలు తడపాలండి. కానీ ఏట్లో మాత్రం ముంచకండి," అంది దీనమ్మ.

గంప నెత్తికెత్తమంటే ఎత్తాను. చంకలో ఇంకో పొడుగాటి చెక్క ఉంది, టేకు, ఆ పొద్దునే ఎక్కడో బేరమాడి తెచ్చింది. అగ్రహారం తోట దారి పట్టింది.

"మళ్ళీ దేనికక్కా?" అని అరిచాను వెనక నించి.

"ఈసారి పొడుగుది," అంది తిరిగి చూడకుండానే.